95 శాతం లెక్క గురించి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. గోదావరిఖని దగ్గర ఒక హైస్కూల్లో సైన్స్ చెబుతాను. మా పిల్లల్లో చాలామంది ఇళ్లు సింగరేణి జీతం మీదే నడుస్తాయి.

మొన్న క్లాసులో ఒకడు లేచాడు. "సార్, కార్బన్ డయాక్సైడ్ 95 శాతం ప్రకృతే వదులుతదట. మరి మా నాన్న తవ్వే బొగ్గును ఎందుకు తిడుతరు?" వాట్సాప్‌లో చూశాడట.

చిక్కేమిటంటే, వాడి అంకె తప్పు కాదు. నేల, చెట్లు, సముద్రాలు కలిసి ఏడాదికి దాదాపు 70 వేల కోట్ల టన్నులు వదులుతాయి. మనం బొగ్గు, పెట్రోలు, గ్యాస్ కాల్చి వదిలేది సుమారు 3,700 కోట్ల టన్నులే. వాట్సాప్ అక్కడితో ఆగిపోయింది. ప్రకృతి తను వదిలిందంతా తిరిగి తీసుకుంటుందనీ, మన దాంట్లోనూ సగం దాకా మింగుతోందనీ చెప్పలేదు.

బోర్డు మీద చెరువు గీశాను. వాగు ఎంత తెస్తే తూము అంత వదులుతుంది, మట్టం కదలదు. గట్టు మీద ఒకడు బోరు వేసి రాత్రీ పగలూ నీళ్లు చెరువులోకే తోడితే? వాగుతో పోలిస్తే ఆ బోరు నీళ్లు ఏపాటి! అయినా మట్టం పెరుగుతుంది. గాలిలోనూ అదే జరిగింది: కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు 1958లో 315 పాళ్లు ఉన్నది 2024కి 420 దాటింది.

"అగ్నిపర్వతాలో, సార్?" 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలినప్పుడు వెలువడింది సుమారు 5 కోట్ల టన్నులు. మనం అంత వదలడానికి ఒక పూట చాలు.

గాలిలో పెరిగింది బొగ్గు లాంటివి కాల్చిందేనని ఎలా తెలుసన్నది ఇంకా మంచి ప్రశ్న. గాలిలోని కార్బన్‌లో కార్బన్-14 అనే రేడియోధార్మిక రకం కొద్దిగా ఉంటుంది; అది ప్రతి 5,730 ఏళ్లకు సగమవుతుంది. కోట్ల ఏళ్ల నాటి సింగరేణి బొగ్గులో అది మిగలదు. ఆ పొగ కలిసేకొద్దీ గాలిలో కార్బన్-14 వాటా పలచబడుతుంది. హాన్స్ సూస్ అనే శాస్త్రవేత్త 1950ల్లోనే చెట్ల కలపలో ఈ గుర్తు పట్టాడు.

నేను అడిగేది చిన్నదే. పదో తరగతి సైన్స్ పుస్తకం ఈసారి ముద్రించేటప్పుడు వచ్చేదీ పోయేదీ పక్కపక్కన పెట్టి ఒక్క పేజీ వేయించండి. టీచర్ల శిక్షణలో ఒక పూట దీనికి ఇవ్వండి.

బెల్లు కొట్టాక వాడు మళ్లీ వచ్చాడు. "గని మూస్తే మా నాన్న ఏం చేస్తడు సార్?" దానికి నా దగ్గర పాఠం లేదు. మీ తోటి మంత్రులను అడిగి చెప్పగలరా?

ఇట్లు,
ఒక సైన్స్ టీచర్, పెద్దపల్లి జిల్లా