పిల్లల టీకా ఫలితాన్ని పెద్దల వార్డులోనూ లెక్కపెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

న్యుమోనియా తెచ్చే న్యుమోకోకస్ అనే సూక్ష్మజీవి మీద పసిపిల్లలకు వేసే న్యుమోకోకల్ టీకా, పెట్టిన ఖర్చుకు తగ్గ ఫలితం ఇస్తోందా అని మీ పత్రికలో నడిచిన చర్చ చదివాను. అనుకూలంగా రాసినవారూ, వ్యతిరేకంగా రాసినవారూ ఐదేళ్లలోపు పిల్లల అంకెలే ముందేసుకుని వాదించారు. ఆ టీకా ఎన్నడూ వేయించుకోని పెద్దవాళ్ల ఊసు ఎవరూ ఎత్తలేదు. నన్నడిగితే సగం లెక్క అక్కడే ఉంది.

ఏడు రకాల న్యుమోకోకస్ మీద పనిచేసే టీకాను అమెరికా 2000లో పసిపిల్లలకు మొదలుపెట్టింది. టీకాకు ముందు 1997-99 నాటి పరిస్థితిని 2007-09తో పోల్చిన అధ్యయనం 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరేవాళ్లు రెండేళ్లలోపు పిల్లల్లో ఏటా లక్షకు 551 మంది చొప్పున తగ్గారు. 85 ఏళ్లు దాటినవాళ్లలోనో, లక్షకు 1,300 మంది! మొత్తంగా చూస్తే ఏడాదికి ఆ పిల్లల్లో 47 వేలు, ఆ వృద్ధుల్లో 73 వేల అడ్మిషన్లు తగ్గాయి. అన్ని వయసులూ కలిపితే 1,68,000.

ఇందులో వింతేమీ లేదు. ఈ సూక్ష్మజీవి చంటిపిల్లల ముక్కులో, గొంతులో ఏ జబ్బూ చేయకుండానే కాపురముంటుంది. తుమ్మితే, దగ్గితే ఎత్తుకున్నవాళ్లకు అంటుకుంటుంది. వయసులో ఉన్నవాళ్లు చాలావరకు తట్టుకుంటారు, ముసలివాళ్లకు మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. టీకా ఆ కాపురాన్నే ఖాళీ చేయిస్తుంది.

అయితే అంకె తగ్గిందనగానే చంకలు గుద్దుకోవడమూ తప్పే. ఆసుపత్రి రికార్డు గదిలో చాలాకాలం పనిచేసినవాణ్ణి కనుక ఇది కాస్త వివరంగా చెబుతాను. డిశ్చార్జి సమ్మరీలో రోగనిర్ధారణ అన్నచోట తరచూ నాలుగైదు పేర్లుంటాయి. గణాంకాలకు ఎక్కేది సాధారణంగా మొదటి పేరు. న్యుమోనియా ముదిరి ఒళ్లంతా విషమించిన రోగికి డాక్టరు పైన 'సెప్సిస్' అనీ, కింద 'న్యుమోనియా' అనీ రాస్తే, ఆ మనిషి న్యుమోనియా లెక్కలోంచి జారిపోతాడు. జబ్బు అదే, మంచం అదే, మారింది రాసిన వరస. అమెరికాలోనే 2003 నుంచి 2009 దాకా న్యుమోనియా అడ్మిషన్ల రేటు 27 శాతం తగ్గినట్టు కనిపించింది. సెప్సిస్, శ్వాస వైఫల్యం మొదట రాసి న్యుమోనియాను కింద రాసిన కేసుల్ని కూడా కలిపేసరికి ఆ తగ్గుదల 12 శాతం చిల్లరకు దిగింది. పైన చెప్పిన 2013 అధ్యయనం సెప్సిస్ కింద దాక్కున్న న్యుమోనియానూ లెక్కలో వేసుకుంది. దాన్ని నమ్మడానికి నాకు అదొక పెద్ద కారణం.

ఇంకో మెలిక ఉంది. న్యుమోకోకస్‌లో తొంభైకి పైగా రకాలు. టీకా ఏడింటిని తరిమితే ఆ చోటికి వేరేవి వస్తాయి. 19ఎ అనే రకం అలాగే పెరిగింది, దాన్నీ కలుపుకుని 2010లో 13 రకాల టీకా వచ్చింది. బ్రిటన్‌లో ఈ కొత్త రకాల బెడద వృద్ధుల్లో బాగా కనబడింది. పిల్లల అంకెలే చూస్తూ కూర్చుంటే ఇది కంటపడదు.

అందుకే ఆరోగ్యశాఖలను అడిగేదొకటే. టీకాకు ముందు కొన్నేళ్లవి, తర్వాత కొన్నేళ్లవి, పెద్దల న్యుమోనియా అడ్మిషన్లను వయసులవారీగా ప్రకటించండి. '65 పైబడినవారు' అని అందర్నీ ఒకే గంపలో పోయకండి. అమెరికాలో 65-74 మధ్యవారిలో తగ్గింది లక్షకు 85 మందే, 85 దాటినవాళ్లకూ వాళ్లకూ పోలికే లేదు. 2020ని ఆధారంగా తీసుకోవద్దు, మాస్కులూ లాక్‌డౌన్లూ ఆ ఏడాది అంకెల్ని టీకాతో పనిలేకుండానే పడగొట్టాయి.

పెద్దలకే నేరుగా టీకా వేయాలా అన్న ప్రశ్నకూ ఈ లెక్కే కావాలి. నెదర్లాండ్స్‌లో 65 దాటిన దాదాపు 84,500 మందిపై జరిగిన ట్రయల్‌లో 13 రకాల టీకా ఆ రకాల వల్ల వచ్చే న్యుమోనియాను సుమారు 45 శాతం తగ్గించింది. అన్ని రకాల న్యుమోనియానూ కలిపి చూస్తే మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పిల్లల టీకాతో ఆ రకాలు ఎప్పుడో అరుదైపోయిన చోట పెద్దల డోసుకు మిగిలిన పని ఎంతో, వార్డు అంకెలు బయటపెట్టకుండా బడ్జెట్ ఎలా వేస్తారు?

ఇట్లు,
ఒక పాఠకుడు