సర్చు నుంచి పాంగ్ వెళ్లిన రోజు గురించి మీరు ఇంతవరకూ జవాబివ్వని ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విజయవాడ పటమట నుంచి రాస్తున్నాను. మీ మనాలి–లేహ్ సైకిల్ టూర్‌కి ఇక్కడి మీ బ్రాంచిలోనే డబ్బు కట్టి వచ్చినవాళ్లం. కస్టమర్ కేర్‌కి చెప్పిన మాట ఒక్కటీ మీ దాకా రాలేదని అర్థమైంది కాబట్టి, మీ పేరు మీదే స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

ఆ రోజు ఏం జరిగిందో ముందు చెబుతాను. మీ వాళ్లెవరూ దాన్ని చివరిదాకా వినలేదు. పొద్దున ఆ దారిలోని మజిలీ సర్చులో టెంట్ల దగ్గర బయలుదేరాం, తర్వాతి మజిలీ పాంగ్. గాటా లూప్స్ అనే ఘాట్ రోడ్డు 21 మలుపులూ బాగానే ఎక్కాం. నకీ లా అనే కనుమ దాటి విస్కీ నాలా వైపు దిగేసరికి మా మేనల్లుడికి విపరీతమైన తలనొప్పి, వాంతులు. ఎత్తు పడక వచ్చే జబ్బుకి మొట్టమొదట చేయాల్సింది కిందికి దించడం. అక్కడ దించడానికి దారేది? వెనక్కి వెళ్తే 4,700 మీటర్లు దాటిన నకీ లా, ముందుకు వెళ్తే 5,000 మీటర్లు దాటిన లాచుంగ్ లా కనుమ. ఎటు కదిలినా ముందు పైకి ఎక్కాలి. అలాంటి చోట మనిషిని కాపాడగలిగేది బండి ఒక్కటే. చివరి సైకిల్ వెనకాలే సపోర్ట్ బండి, అందులో ఆక్సిజన్ సిలిండర్ ఉంటాయని మీ బ్రోచర్లో రాసింది మీరే. ఆ బండి ముందు వెళ్లేవాళ్లతో పాటు పాంగ్ వెళ్లిపోయింది. మా ఫోన్లలో సిగ్నల్ లేదు. ఎవరో లారీ డ్రైవర్ ఆగి, కుర్రాణ్ణి క్యాబిన్లో పడుకోబెట్టి, సైకిళ్లు వెనక వేసుకుని పాంగ్ చేర్చాడు. అక్కడ ఆర్మీ క్యాంపులో ఆక్సిజన్ పెట్టారు. మేం చేరేసరికి మీ టూర్ లీడర్ భోజనం చేస్తున్నాడు.

కొండల్లో అనుకోనివి జరుగుతాయని నాకు తెలుసు. ఆ సాయంత్రం వచ్చి పలకరించి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. నన్ను ఇంత దూరం తెచ్చింది ఆ తర్వాత మీరు చేసిన పని.

ఇంటికొచ్చి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. బుకింగ్ నంబర్ అడిగారు, చెప్పాను. లైన్లో ఉండమన్నారు, ఉన్నాను. పాట వినిపించి వినిపించి కట్ అయింది. మళ్లీ చేస్తే ఇంకొకరు, మళ్లీ మొదటి నుంచి కథంతా. ఒకాయన "పాంగ్ అంటే ఏ హోటల్ సార్?" అని అడిగాడు. ఆ దారిలో మనుషుల్ని తీసుకెళ్లే కంపెనీలో కూర్చుని! ఒకమ్మాయి మర్యాదగానే విన్నది, ఆపరేషన్స్ టీమ్‌కి పంపాను, 48 గంటల్లో ఫోన్ వస్తుందన్నది. ఫోన్ రాలేదు, మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి అని. ఏం పరిష్కరించారని అడిగితే, క్లోజ్ అయిన ఫిర్యాదు తెరవడం కుదరదు, కొత్తది పెట్టుకోండి అన్నారు. పెట్టాను. అదీ క్లోజ్ చేశారు.

బ్రాంచికి వెళ్తే కౌంటర్లో కుర్రాడు "ఇక్కడ బుకింగులే అండీ, కంప్లైంట్లన్నీ హెడ్డాఫీసే" అన్నాడు. హెడ్డాఫీసుకి చేస్తే, ఎక్కడ బుక్ చేశారో అక్కడే అడగమన్నారు. గానుగెద్దులా ఈ రెంటి మధ్యే తిప్పారు. టూర్ వాట్సాప్ గ్రూపులో మర్యాదగా ఒక ప్రశ్న వేశాను: ఆ రోజు బండిని ముందుకు వెళ్లమన్నది ఎవరు? గంట తిరక్కుండా నన్ను గ్రూపులోంచి తీసేశారు. వచ్చే సీజన్ డిస్కౌంట్ మెసేజ్‌లు మాత్రం ఇప్పటికీ క్రమం తప్పకుండా వస్తున్నాయి. మొన్న వచ్చిన ప్రకటనలో గాటా లూప్స్ మీద నవ్వుతూ మా మేనల్లుడే ఉన్నాడు. ఆ ఫొటో తీసిన కొన్ని గంటలకే వాడు లారీలో స్పృహ తప్పేలా ఉన్నాడు. అది చూసి మా అక్క ఆ రాత్రి అన్నం తినలేదు. మామయ్య వెంట ఉన్నాడనే ధైర్యంతో కొడుకుని పంపిన మనిషి ఆవిడ.

నేను మీకు కొత్తవాణ్ణి కాదు. మీ అరకు రైడ్‌కి వచ్చాను. పొద్దున్నే బ్యారేజీ దాటి కరకట్ట మీద తొక్కే మా బృందంలో ఎంతోమందిని మీ దగ్గర చేర్పించింది నేనే. మీ కంపెనీ మంచిదని నా నోటితో చెప్పాను. ఆ మాటకి ఇప్పుడు వాళ్లకి నేను సమాధానం చెప్పుకోవాల్సి వస్తోంది. పాత కస్టమర్ ఫోన్ ఎత్తడానికి కూడా మీకు తీరిక లేకపోయింది.

ఆ ఫొటో వెంటనే తీసేయండి. బండి ఎందుకు ఆగలేదో, ఆ నిర్ణయం ఎవరిదో మీ సంతకంతో రాసి పంపండి. డబ్బు సంగతి తర్వాత మాట్లాడదాం. దానికీ నేను ఊరుకోను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసుకోవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు, రెండేళ్ల గడువుంది. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్లో ఫిర్యాదు నమోదు చేయించాను. మీ బ్రాంచి ముందు మా బృందమంతా సైకిళ్లతో వచ్చి నిలబడాల్సి వచ్చినా నిలబడతాం. కస్టమర్ కేర్ నుంచి నాకు ఫోన్ చేయించకండి. మీరే చేయండి, నా నంబరు మీ దగ్గరుంది.

ఇట్లు,
మీ టూర్‌లో వచ్చిన ప్రయాణికుడు,
పటమట, విజయవాడ.