చార్టర్ బడి గ్రేడు వెనక ఏముంది?

సంపాదకులకు నమస్కారం.

నార్త్ కరోలైనాలో పిల్లలను కిండర్‌గార్టెన్‌లో చేర్చబోయే తల్లిదండ్రుల కోసం మీరు ఇటీవల ప్రచురించిన చార్టర్ పాఠశాలల పట్టికను శ్రద్ధగా చదివాను. అందులో పాఠశాల పేరు, ఊరు, రాష్ట్రం ఇచ్చిన గ్రేడు ఉన్నాయి. సరిగ్గా ఆ మూడే చూసుకుని మా అబ్బాయిని రెండేళ్ళు ఒక చార్టర్ బడిలో చదివించి, ఇప్పుడు చిన్నమ్మాయి విషయంలో మళ్ళీ మొదటి నుంచి ఆలోచిస్తున్న తల్లిని కనుక, ఆ పట్టికలో కనిపించని వాటి గురించి రాయాలనిపించింది.

చార్టర్ అంటే ఫీజు లేని ప్రైవేటు బడి అన్న అభిప్రాయం మనవాళ్ళలో బాగా పాతుకుపోయింది. నిజానికి అది ప్రభుత్వ బడే. 1991లో మిన్నెసోటా ఈ విధానానికి తొలి చట్టం చేయగా, మన రాష్ట్రంలో ఆ చట్టం 1996లో వచ్చింది. ఇవి ప్రజాధనంతో నడుస్తాయి, ఫీజు వసూలు చేయకూడదు, పిల్లల తెలివితేటలను బట్టి ఏరుకోకూడదు. సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీయాలి. తేడా అల్లా నిర్వహణలో ఉంది. స్థానిక ప్రభుత్వ బడులను నడిపే జిల్లా (స్కూల్ డిస్ట్రిక్ట్) యంత్రాంగానికి బదులు ఒక లాభాపేక్ష లేని సంస్థ బోర్డు, రాష్ట్రంతో కుదిరిన నిర్ణీత గడువు గల ఒప్పందం మీద బడిని నడుపుతుంది. గడువు తీరినప్పుడు సమీక్ష జరుగుతుంది, ఒప్పందాన్ని పొడిగించకపోతే బడి మూతపడుతుంది. ఈ జవాబుదారీతనానికి బదులుగా కొన్ని నిబంధనల నుంచి సడలింపు దొరుకుతుంది: కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి వరకు తరగతికి ఇంతమందే ఉండాలన్న జిల్లా బడుల పరిమితి వీటికి వర్తించదు, ఉపాధ్యాయులలో సగం మందికి లైసెన్సు ఉంటే చాలు, బస్సు, మధ్యాహ్న భోజనం పెట్టి తీరాలన్న నియమం లేదు. బస్సు సంగతి ముందే అడగనందువల్ల రెండేళ్ళ పాటు రోజూ మధ్యాహ్నం ఆఫీసు మీటింగుల్లోంచి లేచి, కార్ల వరుసలో నలభై నిమిషాలు కూర్చున్నాను.

గ్రేడు విషయానికి వస్తే, మన రాష్ట్రం బడికి ఇచ్చే అక్షర గ్రేడులో 80 శాతం పిల్లలు పరీక్షలో తెచ్చుకున్న ఫలితాలకు, 20 శాతం మాత్రమే వాళ్ళు ఏడాదిలో సాధించిన ఎదుగుదలకు చెందుతుంది. చదువుకున్న తల్లిదండ్రుల పిల్లలు, ఇంట్లో పుస్తకాలూ ట్యూషన్లూ ఉన్న పిల్లలు ఎక్కువగా చేరిన బడికి మంచి గ్రేడు రావడంలో బడి గొప్పతనం ఎంతో, ఇంటి గొప్పతనం ఎంతో ఆ అక్షరం చెప్పలేదు. అదే రిపోర్టులో ఎదుగుదల ఆశించినంత ఉందా, మించిందా, తగ్గిందా అన్నది విడిగా ఇస్తారు. నేనైతే ముందు అదే చూస్తాను, అది కూడా ఒక్క ఏడాదిది కాకుండా మూడు నాలుగేళ్ళది.

అసలు చిక్కు మరొకటి ఉంది. సమాఖ్య చట్టం ప్రకారం రాష్ట్రాలు ఏటా చదవడంలో, గణితంలో పరీక్ష పెట్టవలసింది మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు. అంటే ఐదో తరగతి వరకే ఉన్న ప్రాథమిక పాఠశాల గ్రేడు మూడు తరగతుల పిల్లల మీద నిలబడి ఉంటుంది. మనం చేర్చేదేమో ఐదేళ్ళ పిల్లను. అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకునే ఆ మొదటి మూడేళ్ళ గురించి గ్రేడు నేరుగా చెప్పేది ఏమీ ఉండదు.

చార్టర్లు మొత్తంగా మంచివా కావా అన్న వాదన కూడా మనకు పెద్దగా ఉపయోగపడదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని క్రెడో పరిశోధకులు 2009లో చేసిన అధ్యయనంలో 17 శాతం చార్టర్లు గణితంలో సాధారణ ప్రభుత్వ బడుల కన్నా మెరుగ్గా, 37 శాతం వాటికన్నా తక్కువగా ఉన్నట్టు తేలింది. అదే సంస్థ 2023లో ఇచ్చిన నివేదికలో చార్టర్ పిల్లలు సగటున చదవడంలో 16 రోజుల చదువుకు, గణితంలో 6 రోజుల చదువుకు సమానమైన మేరకు ముందున్నారని, ఆన్‌లైన్‌లోనే నడిచే చార్టర్ల పిల్లలు మాత్రం బాగా వెనకబడ్డారని తేలింది. ఇవన్నీ సగటు లెక్కలు. మన పిల్ల చేరేది సగటులో కాదు కదా.

అందుకే ఈసారి బడికి వెళ్ళి చూశాను. ఓపెన్ హౌస్‌లో చూపించేది రంగుల గోడలు, రోబోటిక్స్ గది. అది కాక, మామూలు పనిదినాన పొద్దున చదవడం నేర్పే వేళకు ఒకటో తరగతిలో కూర్చోనివ్వమని అడిగాను. రెండు చోట్ల ఒప్పుకున్నారు. ఒక చోట ఉపాధ్యాయురాలు అర్ధచంద్రాకారపు బల్ల దగ్గర నలుగురు పిల్లలను కూర్చోబెట్టుకుని, ‘ష్, ఇ, ప్’ అని శబ్దానికొక బిళ్ళ జరిపిస్తూ ‘షిప్’ అనిపించారు. ఒక పిల్లవాడు ‘సిప్’ అంటే తప్పు అనకుండా, తన నోటి వైపు చూపించి మళ్ళీ పలికించారు. రెండో చోట ఇరవై ఆరుగురు పిల్లలు తలా ఒక టాబ్లెట్ ముందు నిశ్శబ్దంగా ఉన్నారు. ఒక పాప తెర మీద బొమ్మలు చూసి, పదం చదవకుండానే సమాధానం నొక్కేస్తూ పోతోంది, అది గమనించిన వాళ్ళు లేరు. గ్రేడు ఎక్కువ ఉన్నది ఈ రెండో బడికే.

వెనకబడిన పిల్లల విషయంలో ఏం చేస్తారన్నది అడగవలసిన ప్రశ్నల్లో ముఖ్యమైనదని అనుభవం మీద చెబుతున్నాను. మా అబ్బాయికి మాట స్పష్టత కోసం సహాయం కావాలని మేము కోరినప్పుడు, ఆ బడి అధికారి ఎంతో మర్యాదగా ‘ఇలాంటి అవసరాలకు మీ జిల్లా బడి మరింత అనుకూలంగా ఉండవచ్చు’ అన్నారు. మేము దాన్ని సలహా అనుకుని తలూపాము. వికలత్వం ఉన్న పిల్లలకు ప్రత్యేక విద్య అందించే సమాఖ్య చట్టం చార్టర్లకూ వర్తిస్తుందని, పరీక్షించి చూడమని రాతపూర్వకంగా కోరే హక్కు మాకుందని తెలిసేసరికి విద్యా సంవత్సరం అయిపోయింది. ఇప్పుడు ఏ బడికి వెళ్ళినా ప్రత్యేక విద్య ఉపాధ్యాయులు ఎంతమంది, స్పీచ్ థెరపిస్టు వారానికి ఎన్ని రోజులు వస్తారు అని సూటిగా అడుగుతున్నాను. ఇక్కడే మరో మాట: చేర్చేటప్పుడు ఇచ్చే హోమ్ లాంగ్వేజ్ సర్వేలో ఇంటి భాష తెలుగు అని రాస్తే పిల్లను ఇంగ్లిషు పరీక్షకు పిలుస్తారని భయపడి మనవాళ్ళు చాలామంది ఇంగ్లిష్ అని రాసేస్తుంటారు. ఆ పరీక్షలో బాగా చేస్తే ఏ ముద్రా పడదు, చేయకపోతే పిల్లకు సహాయం అందుతుంది. నిజమే రాయండి.

కాగితాల సంగతి. చార్టర్ బోర్డు సమావేశాలు మన రాష్ట్రంలో బహిరంగంగా జరగాలి, వాటిలో ఏం జరిగిందో రాసిన మినిట్స్ అడిగితే ఇవ్వాలి. ఒప్పందం ఎన్నేళ్ళకు పొడిగించారో చూస్తేనే చాలా తెలుస్తుంది: పదేళ్ళ దాకా ఇవ్వడానికి వీలున్నప్పుడు మూడేళ్ళే ఇచ్చారంటే, ఎందుకని అడగాలి. బోర్డు తన పనిని ఒక మేనేజ్‌మెంట్ కంపెనీకి అప్పగించి ఉంటే, బడి నిధుల్లోంచి దానికి, భవనం అద్దెకు ఎంత పోతోందో ఆడిట్‌లో ఉంటుంది. గత ఏడాది ఉపాధ్యాయుల్లో ఎంతమంది మానేశారన్నది మాత్రం నోరు తెరిచి అడగాలి.

ఇంతా చేసి, మా ఇంటి చిరునామాకు కేటాయించిన జిల్లా బడిని నేను ఈ శీతాకాలం దాకా ఒక్కసారైనా చూడలేదు. ఇరుగుపొరుగు తెలుగువాళ్ళలో అడిగితే, వాళ్ళూ చూడలేదు. లాటరీలో రాకపోతే వెళ్ళేది అక్కడికే, చార్టర్ మూతపడితే తిరిగి వచ్చేదీ అక్కడికే కనుక, అదే ప్రశ్నల కాగితం పట్టుకుని అక్కడికీ వెళ్ళాను. ఒకటో తరగతిలో పంతొమ్మిది మంది ఉన్నారు. స్పీచ్ థెరపిస్టు వారానికి మూడు రోజులు వస్తారట. చిన్నమ్మాయి పేరు రెండు చార్టర్ లాటరీల్లో ఉన్నా, మా మనసు ఇప్పుడు సగం ఇటే ఉంది.

వచ్చే ఏడాది ఈ పట్టికను మళ్ళీ ప్రచురించేటట్టయితే, గ్రేడు పక్కన ఎదుగుదల ఫలితాన్ని, ఒప్పందం ఏ సంవత్సరం వరకు ఉందో ఆ వివరాన్ని, బస్సు, భోజనం ఉన్నాయో లేవో తెలిపే చిన్న గుర్తును చేర్చవలసిందిగా కోరుతున్నాను. దరఖాస్తుల గడువు ముగియకముందే, అంటే డిసెంబరు లోపే వేస్తే, బడికి వెళ్ళి చూసి రావడానికి తల్లిదండ్రులకు సమయం ఉంటుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
వేక్ కౌంటీ, నార్త్ కరోలైనా