బాపూ, చాకు దొరికింది

షెఫీల్డ్
23 నవంబరు 2025, ఆదివారం

బాపూ,

దసరా రోజు అన్న పంపిన ఫోటో ఇంకా ఫోన్లోనే ఉంది. గడ్డపార, పార, రెండు కొడవళ్ళు, గొడ్డలి, చివరికి మందు కొట్టే పంపు కూడా బొట్టు పెట్టించుకుని వరసగా కూర్చున్నాయి. నీ చాకు ఒక్కటే లేదు. అన్నను అడిగితే, మక్క కంకులు విరిచేటప్పుడు ఎక్కడో జారిపోయిందనీ, నువ్వు రెండు రోజులు చేనంతా వెతికావనీ చెప్పాడు. నాతో మాత్రం నువ్వు పోయిన సంగతి చెప్పలేదు. "మీ దగ్గర మంచి చాకులు దొరుకుతాయటగా" అని ఊరికే అన్నట్టు అన్నావు, అంతే.

దొరుకుతాయి బాపూ. నేనుండేదే చాకుల ఊరు. ఇక్కడి కత్తుల పనివాళ్ళ సంఘం 1624లో పుట్టింది, ఇప్పటికీ ఉంది. తుప్పు పట్టని ఉక్కును 1913లో హ్యారీ బ్రేర్లీ తయారు చేసిందీ ఈ ఊళ్ళోనే. అయినా నీకు చాకు ఎంచడానికి నాకు ఆరు వారాలు పట్టింది. అమ్మ నవ్వితే నవ్వనీ.

ముందు ఇక్కడి రూలు చెప్తాను, ఎందుకంటే నీకిచ్చే ముందు నా జేబులో పెట్టుకుని చూడాలి కదా. ఈ ఇంగ్లండులో జేబులో చాకంటే కొంచెం టెన్షన్ వ్యవహారమే. కుర్రాళ్ళు కత్తిపోట్లకు బలవుతున్నారని వీధుల్లో కత్తులు వేసేయడానికి ఇనప డబ్బాలు కూడా పెట్టారు. మా ఊళ్ళో ఒకవైపు కత్తుల మ్యూజియం, ఇంకోవైపు ఆ డబ్బాలు. 1988 చట్టం ప్రకారం చాకు మడిచేది కావాలి, పదును మూడంగుళాలు, అంటే 7.62 సెంటీమీటర్లు దాటకూడదు. తెరిచాక లాక్ పడే చాకును మడత చాకుగా లెక్కించరని తర్వాత కోర్టు తేల్చింది. ఈ కొలతల్లో ఉంటే ఎందుకు పెట్టుకున్నావని కారణం చూపించక్కర్లేదు. ఒక్కటి తప్పినా గట్టి కారణం ఉండాలి. కొనేటప్పుడు పద్దెనిమిదేళ్ళు నిండాయని కార్డు చూపించమంటారు. నా గడ్డం చూసి కూడా అడిగారు.

నువ్వు పొలంలో ఉండేవాడివి, నీకీ గొడవ లేదు. కానీ లాక్ లేని చాకులే చూడటం వల్ల ఒక మంచి జరిగింది. లాక్ లేకపోతే అలుగును (కోసే భాగాన్ని) తెరిచి పట్టుకునే స్ప్రింగు ఎంత బాగా చేశారన్నదే అసలు ప్రశ్న అవుతుంది, దాన్ని దాచడానికి ఏ హంగూ పనికిరాదు.

ఇది నాకు రక్తం చూశాకే అర్థమైంది. వారపు సంతలో చవగ్గా దొరికిందని మొదట ఒకటి కొన్నాను, పేరు కూడా లేనిది. చూడటానికి బాగుంది. రెండో రోజు అట్టపెట్టెలోకి మొన గుచ్చి తోశాను. స్ప్రింగు వదులు, అలుగు వెనక్కి మడుచుకుని చూపుడువేలి మీద పడింది. కుట్లు పడలేదులే, అమ్మకు చెప్పకు. తప్పు సగం నాది కూడా. ఇలాంటి చాకుతో లాగి కోయాలి గానీ పొడవకూడదు. పదును కిందికి నొక్కుతున్నంతసేపూ అలుగు ఇంకా తెరుచుకునే వైపే పోతుంది, గుచ్చినప్పుడే మడతకు వస్తుంది. నీకిది చెప్పడం చేపకు ఈత నేర్పడమే, అయినా చెప్పాను.

ఆ తర్వాత దుకాణంలో చాకు చూసే పద్ధతి ఒక ముసలాయన దగ్గర నేర్చుకున్నాను. చాకును మడిచి వెలుతురుకు ఎత్తి పట్టాలి. అలుగు పిడిలోని రెండు రేకుల మధ్య సరిగ్గా నడుమ ఉందా? స్ప్రింగుకూ రేకుకూ మధ్య సందులోంచి వెలుగు కనబడుతోందా? కనబడితే పెట్టేయాలి. తెరిచి అలుగును బొటనవేలితో పక్కలకు ఊపాలి, కదలకూడదు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని తెరిచి మూయాలి. ఇక్కడివాళ్ళు దీన్ని చాకు నడక, పలుకు అంటారు. తెరుస్తుంటే ఎక్కడా పట్టేయకుండా సాగడం నడక. చివర్లో టక్కున పడే చప్పుడు పలుకు. సంత చాకు మూగది.

ఫ్రెంచివాళ్ళ ఒపినెల్ చూసి మనసు పారేసుకున్నాను. 1890 నుంచి చేస్తున్నారు. బీచి చెక్క పిడి, సన్నటి అలుగు, టమాటా పండును కాగితంలా కోస్తుంది. ఎక్కువమంది కొనే 8 నంబరుది అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, పైగా తిప్పితే లాక్ పడే ఉంగరం. అంటే ఇక్కడ నా జేబుకు రెండు విధాలా పనికిరాదు. నీకు తేవచ్చు గానీ చెక్క కదా, తడిస్తే ఉబ్బి అలుగును పట్టేస్తుంది. అప్పుడు పిడి వెనక భాగాన్ని బల్లకేసి కొడితే అలుగు కొంచెం బయటికొస్తుందట. ఆ చాకు పుట్టిన సవాయ్ కొండలవాళ్ళ చిట్కా అది. మడిలో నీళ్ళు కట్టేటప్పుడు నువ్వు గట్టు మీద కూర్చుని చాకును రాయికేసి కొడుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకుని వద్దనుకున్నాను.

ఇక ఈ ఊరి చాకు. లాంబ్స్‌ఫుట్ అంటారు, గొర్రెపిల్ల కాలు అని. పదును గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, వీపు మొన వైపు వాలుతుంది. రైతుల కోసం, గొర్రెల కాపరుల కోసం పుట్టిన ఆకారం. చేతిలోకి తీసుకోగానే నీ పాత చాకే గుర్తొచ్చింది. పాతకాలపు కార్బన్ ఉక్కు, రాయి మీద నాలుగుసార్లు తిప్పితే చాలు వెంట్రుక తెగుతుంది. కానీ మామిడికాయ కోసి తుడవకపోతే నల్లబడుతుంది, తడిగా జేబులో పెడితే తుప్పు. నువ్వేమో చాకును పంచెకు రుద్ది జేబులో వేసుకునే మనిషివి. చెమట ఉప్పు చాలు దానికి.

ఉక్కు మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. ఇక్కడ అబ్బేడేల్ అని ఒక చోటుంది, పాత కర్మాగారం, ఇప్పుడు మ్యూజియం. మట్టి మూసల్లో ఉక్కు కరిగించిన కొలుములు ఇంకా అలాగే ఉన్నాయి. 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాలు చేసే ఆయన, స్ప్రింగులకు మంచి ఉక్కు దొరక్క ఈ మూస పద్ధతి పట్టుకున్నాడు. దాంతోనే షెఫీల్డ్ దశ తిరిగింది. నేనక్కడ నిలబడి కోనసముద్రం గురించే ఆలోచించాను. మన కమ్మర్‌పల్లి పక్కనే కదా. చిన్నప్పుడు సైకిల్ మీద తీసుకెళ్ళి, ఇనుప చిట్టెం దిబ్బలు చూపించి, ఇరాన్ నుంచి వర్తకులు వచ్చి ఇక్కడి ఉక్కు కొనుక్కుపోయేవాళ్ళురా అని నువ్వు చెప్తే నేను నమ్మలేదు. అంతా నిజమే బాపూ. మట్టి మూసలో ఇనుమూ ఆకులూ పెట్టి మూతేసి కరిగించడం మనవాళ్ళకు హంట్స్‌మన్ కంటే ఎంతో ముందే తెలుసు. ఇంగ్లీషులో దాన్ని వూట్జ్ అంటారు, మన "ఉక్కు" మాటే వాళ్ళ నోట అలా అయిందంటారు. కరెంటు గుట్టు విప్పిన మైకేల్ ఫారడే కూడా 1820 ప్రాంతంలో ఆ ఉక్కు సంగతేంటో చూద్దామని ప్రయోగాలు చేశాడు. మ్యూజియంలో పక్కనున్నాయనకు ఇదంతా చెప్పాలని నోటిదాకా వచ్చింది గానీ, ఊరుకున్నాను.

సరే, చాకు. చివరికి నేను తేల్చింది స్విస్ చాకు. విక్టోరినాక్స్. 1884లో కార్ల్ ఎల్సెనర్ పెట్టిన కొలిమి. 1891లో స్విస్ సైన్యానికి చాకులిచ్చారు. దాంట్లో మళ్ళీ ఇన్ని రకాలుంటాయని నాకు తెలియదు. వారం తల పట్టుకున్నాను.

అల్యూమినియం పిడివి చాలా గట్టివి. క్యాడెట్ అని ఒకటి, మడిస్తే 84 మిల్లీమీటర్లు, యాభై గ్రాములు కూడా లేదు, జేబులో ఉన్నట్టే తెలియదు. అది నాకోసం ఉంచుకున్నాను. ఇప్పటిదాకా దాంతో ఏం కోశానంటే పార్సిళ్ళు, బియ్యం సంచి కుట్టు, ఆపిల్ పండ్లు, షర్టు దారాలు. పని దగ్గర వాడలేదు, గోదాములో వాళ్ళ కత్తే వాడాలి. బస్సులో బయటికి తీయను. చట్టం ఒప్పుకున్నా పక్క సీటావిడ గుండె ఒప్పుకోవాలి కదా.

నీకు మాత్రం ప్లాస్టిక్ పిడిదే తీసుకుంటున్నాను, టింకర్ అని, 91 మిల్లీమీటర్లు. ఎందుకో చెప్తాను. తాత మొలతాడుకు ముల్లు తీసే పట్టకారు వేలాడుతుండేది చూడు, అలాంటిదే ఈ పిడిలో ఒక పక్క దూర్చి ఉంటుంది. అల్యూమినియం వాటికి అది ఉండదు. తుమ్మ ముల్లు దిగినప్పుడల్లా నువ్వు అమ్మను పిన్నీసు తెమ్మనడం ఇక తప్పుతుంది. ఇదే కొలతలో ఎక్కువ కనబడే రకానికి వెనక సారా సీసా బిరడా లాగే మర ఉంటుంది, మనింట్లో దానికేం పని? టింకర్‌కు ఆ చోట స్టార్ స్క్రూడ్రైవర్ ఉంది. మోటారు స్టార్టరు డబ్బా మూత తీయడానికి ఇక ఆటోవాణ్ణి అడగక్కర్లేదు, ఫ్యూజు ముందు పీకు. పెద్ద అలుగు ఒకటి, చిన్నది ఒకటి. చిన్నదాన్ని పండ్లకే ఉంచు. మందు సంచి కోసిన అలుగుతో జామపండు కోయకు. ఇది మాత్రం బతిమాలుతున్నాను.

లోపం లేదని కాదు. అలుగు తెరవడానికి గోరు పట్టే గాడి ఉంటుంది, నీ బొటనవేలి గోరు అరిగిపోయింది. కొత్తలో స్ప్రింగు బిగువుగా ఉంటుంది. కుట్టుమిషను నూనె చుక్క వేసి పదిసార్లు తెరిచి మూస్తే దారికొస్తుంది. కొబ్బరినూనె వద్దు, జిడ్డు కడుతుంది.

ఇంకో మాట, ఇక్కడ చాకుల పిచ్చివాళ్ళు ఈ ఉక్కు మెత్తదని పెదవి విరుస్తారు. గట్టిదనం చెప్పే రాక్‌వెల్ కొలతలో 56 దాకా ఉంటుంది, వాళ్ళు మెచ్చుకునేవి అరవై పైమాటే. అవి పదును ఎక్కువ రోజులు నిలుపుతాయి, నిజమే. పోయినప్పుడు మాత్రం కొన్నింటికి వజ్రపు పొడి పూసిన పలకలు కావాలి. నీకు బావి దగ్గర సానరాయి ఉంది, చెయ్యి తిరిగిన మనిషివి. నీకు మెత్తదే మంచిది. వీపును రాయి మీంచి మూడు రూపాయి బిళ్ళలు పేర్చినంత ఎత్తులో పట్టి తిప్పు, కొడవలికి పట్టినంత నిటారుగా వద్దు. సైకిల్ చక్రం సానవాడికి మాత్రం ఇవ్వకు. నీళ్ళు లేని చక్రం వేడికి సన్నటి పదును నీలం తిరిగి, ఉక్కులో ఉన్న ఆ కాస్త పసా పోతుంది.

జనవరిలో వచ్చేటప్పుడు పెద్ద సూట్‌కేసులో పెట్టి తెస్తాను, చేతి సంచిలో అయితే విమానం ఎక్కనివ్వరు. ఇక్కడ కత్తి ఊరికే ఇస్తే స్నేహం తెగుతుందని, పుచ్చుకున్నవాళ్ళు ఒక పెన్నీ అయినా చేతిలో పెడతారు. మనకు ఉప్పు, కత్తెర చేతికివ్వరు చూడు, అలాంటిదే. నువ్వో రూపాయి తీసిపెట్టు.

రంగు ఒక్కటే తేలలేదు. నలుపు దొరుకుతుంది, నీకు నచ్చుతుందని తెలుసు. ఎరుపైతే పసుపు చేలో ఆకుల మధ్య పడినా కంటికి ఆనుతుంది. దానికి ఒక చిన్న రింగుంది, నాడా కట్టి మొలతాడుకు వేసుకుంటానంటే నలుపే తెస్తాను. కట్టనంటే ఎరుపే. శనివారం ఫోన్ చేస్తాను, అప్పుడు చెప్పు.

నీ చిన్నోడు