చెల్లి క్యాలెండర్

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో సైకలాజికల్ థ్రిల్లర్ల మీద వ్యాసం చదివాను. భార్య అనుమానాస్పద మరణం, భర్త మీద అనుమానం, చివర్లో ట్విస్ట్ ఉంటే ఎవరూ పుస్తకం కింద పెట్టరని రాశారు. నిజమే, నేనూ అలాంటివి రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని చదివినదాన్నే. మా చెల్లి పోయాక మాత్రం చదవలేకపోతున్నాను. ఆ కథల్లో భార్య ఎలా చచ్చిపోయిందో మూడొందల పేజీలు రాస్తారు, ఎలా బతికిందో రెండు పేజీల్లో తేల్చేస్తారు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇక్కడి పిల్లల్ని అటివ్వడం, అటు పిల్లల్ని ఇటు తెచ్చుకోవడం మాకు మామూలే, ఈ చెల్లిని, అంటే మా పిన్ని కూతుర్నీ అలాగే అటిచ్చాం. చెల్లి మొగుడు ఒక్క దెబ్బ వేయలేదు, అందుకే మాకెవరికీ అనుమానం రాలేదు. పిన్ని ఎప్పుడు ఫోన్ చేసినా చెల్లి స్పీకర్లో పెట్టే మాట్లాడేది, "బానే ఉన్నానమ్మా" తప్ప వేరే మాట లేదు. బీరువా తాళాలు అతనే తీసి దాచి, నలుగురిలో "దీనికి మతిమరుపు" అనేవాడట. నాలుగో ఏడు చెల్లి బావిలో తేలింది. మతిస్థిమితం లేదన్నారు వాళ్లు.

పదోరోజున వెళ్లినప్పుడు చెల్లి వాళ్ల వంటింటి గోడకున్న క్యాలెండర్‌ని పిన్ని తెచ్చుకుంది. తేదీ గళ్లలో పెన్సిల్‌తో చెల్లి రాత. "తాళాలు దేవుడి గూట్లో పెట్టాను, 10-20." "గ్యాస్ కట్టేశాను, రెండుసార్లు చూశాను." నెలలు గడిచేకొద్దీ అక్షరాలు చిన్నవైపోయాయి. ఆఖరి నెలలో ఒక గడిలో "నేనే మర్చిపోయానేమో" అని ఉంది. అది చూసి నేను ఏడ్చినంత ఏ నవల చదివీ ఏడవలేదు.

అది పట్టుకుని స్టేషన్‌కి వెళ్తే ఒక చోట తాళాల లెక్కలు సాక్ష్యమా అన్నారు, ఇంకో చోట ఇది పక్క రాష్ట్రం కేసు, మాకు సంబంధం లేదన్నారు. పేపర్లో నాలుగు లైన్లు, "మతిస్థిమితం లేని వివాహిత బావిలో పడి మృతి." ఎవరు చెప్పారండీ మతిస్థిమితం లేదని? అతనేగా.

తర్వాత ఒక లాయర్ గారు చెబితే తెలిసింది. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా మేజిస్ట్రేట్ విచారణ జరపాలి, ఇది పాత చట్టంలోనూ ఉంది, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనూ ఉంది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కేసు రాయించుకోవచ్చు, దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారట, మా హద్దు కాదని తిప్పి పంపడానికి వీల్లేదు. అత్తారింట్లో హింస భరించలేక పుట్టింటికి వచ్చేసిన ఆడపిల్ల పుట్టింటి ఊళ్లోనే కేసు పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. చట్టం దృష్టిలో క్రూరత్వం అంటే కొట్టడం ఒక్కటే కాదట, మనిషి ఆత్మహత్య చేసుకునే స్థితికి తెచ్చే ప్రవర్తన కూడా అందులోకే వస్తుందట. ఇవేవీ మాకు అప్పుడు తెలియవు. సరిహద్దు ఊళ్లలో సంబంధాలు చూసేటప్పుడు కట్నం లెక్క, కులం లెక్క అందరికీ తెలుసు గానీ ఈ ముక్క చెప్పేవాళ్లు ఒక్కరూ ఉండరు.

అందుకే మీకు రాస్తున్నాను. ఇలాంటి వార్త వేసేటప్పుడు కడుపునొప్పి భరించలేక, మతి చెడి, అని అత్తింటివాళ్లు చెప్పిందే కారణంగా వేసెయ్యకండి. పెళ్లయి ఎన్నేళ్లయింది, మేజిస్ట్రేట్ విచారణ జరిగిందా లేదా, ఈ రెండూ కనుక్కుని రాయండి, ఇంకో రెండు లైన్లు పెరుగుతాయి అంతే. థ్రిల్లర్లు రాసేవాళ్లకీ ఒక మాట. ఎవరు చంపారన్న టెన్షన్ కంటే, తాళాలు ఎక్కడ పెట్టానా అని తన మీద తనే నమ్మకం పోగొట్టుకునే మనిషి పడే టెన్షన్ చాలా పెద్దది, ముందు అది రాయండి.

ఆ క్యాలెండర్ పిన్ని దగ్గర ట్రంకుపెట్టెలో ఉంది. మీ రచయితల్లో ఎవరైనా చదువుతామంటే పిన్నినడిగి నేనే తీసుకొచ్చి చూపిస్తాను.

ఇట్లు
ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా