బీపీ మిషన్ పక్కన టేపు కూడా ఉండాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. మా వైపు ఏ ఆరోగ్య శిబిరం పెట్టినా బీపీ గురించి రెండే మాటలు చెబుతున్నారు: ఉప్పు తగ్గించండి, బిళ్ల మానకండి. రెండూ కావలసినవే. బరువు సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. ఎత్తినా "కాస్త ఒళ్లు తగ్గించుకోమ్మా" అని అక్కడితో వదిలేస్తున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 36 మంది అధిక బరువుతో ఉన్నారు. దేశం మొత్తం మీద ఆ లెక్క 24. అదే సర్వేలో మన రాష్ట్రంలో ప్రతి నలుగురు ఆడవాళ్లలో ఒకరికి బీపీ ఉన్నట్టు తేలింది. ఈ రెండు లెక్కలూ వేర్వేరు కావు.

ఒళ్లు పెరిగేకొద్దీ గుండె ఎక్కువ రక్తం తోడాలి. పొట్టలో చేరిన కొవ్వు మూత్రపిండాలను నొక్కుతుంది. ఉప్పును బయటికి పంపాల్సిన మూత్రపిండాలు దాన్ని ఒంట్లోనే ఉంచేస్తాయి, దాంతోపాటే నీరూ నిలుస్తుంది. మెడ దగ్గర లావై గురక పెట్టేవాళ్లలో కొందరికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతుంది, బీపీ పెరగడానికి అదీ ఒక కారణమే. ఆవకాయ, అప్పడాలు మానేసినా కొందరికి అంకె దిగకపోవడం ఇందుకే. కిలో బరువు తగ్గితే పై అంకె సుమారు ఒక పాయింటు తగ్గుతుందని అనేక పరిశోధనలను కలిపి వేసిన లెక్క చెబుతోంది. నాలుగైదు కిలోలు తగ్గడం చాలామందికి సాధ్యమయ్యే పనే.

ప్రభుత్వానికి ఇది తెలియదని కాదు. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో నడుము కొలతకు గడి ఉంది. ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే మార్కు పడుతుంది. ఆ తర్వాత దాన్ని పట్టించుకునేవారు లేరు. నేను చూసిన బీపీ పుస్తకాల్లో తేదీ, బీపీ, మాత్రల పేర్లు ఉన్నాయి. బరువు ఒకటి రెండింటిలో ఉంది, నడుము కొలత దేనిలోనూ లేదు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇటీవల ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో బిళ్లల వరుసలో నా ముందు భారీ మనిషి ఒకావిడ కూర్చుంది. మిషన్ గాలి కొట్టగానే జబ్బకు కట్టిన పట్టీ టప్పున ఊడింది. "నాకెప్పుడూ ఇంతేనమ్మా, ఊడిపోద్ది" అంది ఆవిడ. నర్సమ్మ రెండు చేతులతో పట్టీని అదిమి పట్టుకుని చూసింది. అలా వచ్చిన అంకే పుస్తకంలోకి ఎక్కింది. నర్సమ్మను అనడానికి లేదు, అక్కడ ఉన్నది ఆ ఒక్క పట్టీయే. ఇళ్లలో వాడే మిషన్ల పట్టీల మీద మామూలుగా 22–32 సెం.మీ. అని రాసి ఉంటుంది. జబ్బ అంతకంటే లావుగా ఉంటే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. 2023లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో, బాగా పెద్ద పట్టీ కావలసినవాళ్లకు మామూలు పట్టీ కట్టి చూస్తే పై అంకె సగటున 19.5 ఎక్కువ వచ్చింది. ఆ తేడాతో లేని బీపీకి మందు మొదలుకావచ్చు, ఉన్న మందు మోతాదు పెరగనూ వచ్చు. అలాగని ఇది చదివి ఎవరూ సొంతంగా బిళ్లలు ఆపొద్దు. పెద్ద పట్టీతో మళ్లీ చూడమని డాక్టరు గారిని అడగండి, అది మీ హక్కు.

లావుగా ఉన్నవాళ్లకే బీపీ ముప్పు ఎక్కువ. సరిగ్గా వాళ్లకే కొలత తప్పుతోంది. జిల్లా వైద్యాధికారులు ప్రతి గ్రామ ఆరోగ్య కేంద్రానికీ ఒక పెద్ద పట్టీ, ఒక టేపు పంపాలి. టేపు ఖరీదు యాభై రూపాయలు కూడా ఉండదు. దానితోనే జబ్బ కొలిచి తగిన పట్టీ కట్టవచ్చు, నడుమూ కొలవవచ్చు. బీపీ పుస్తకంలో బరువుకు, నడుముకు రెండు గడులు గీసి, మూడు నెలలకొకసారి నింపాలి. కిందటిసారి కంటే ఎంత తగ్గిందో, పెరిగిందో ఆ మనిషికి చూపించి చెప్పాలి. నడవమని చెప్పేవాళ్లు లారీలు తిరిగే రోడ్డు పక్కన తెల్లవారుజామున ఆడవాళ్లు ఎలా నడవాలో కూడా ఆలోచించి, ఉన్నత పాఠశాలల మైదానాల గేట్లు ఉదయం ఆరింటికి తెరిపించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా