పులికాట్‌కు వచ్చే ముందు నీళ్ల లోతు అడగండి

సంపాదకుల వారికి,

నమస్కారం. సూళ్లూరుపేటలో జరిగే పక్షుల పండగ (ఫ్లెమింగో ఫెస్టివల్) తేదీలు బయటికి రాగానే పత్రికలన్నిటిలో పులికాట్ మీద ఒకే అచ్చు వార్త వస్తుంది: సైబీరియా నుంచి విదేశీ అతిథులు విచ్చేశాయనీ, నేలపట్టులో గుడ్లు పెట్టి పిల్లల్ని చేసుకుని తిరిగి వెళ్తాయనీ. అది చదివి హైదరాబాద్, బెంగళూరు నుంచి కూడా జనం పిల్లాపాపలతో బయల్దేరి వస్తారు. పట్టపగలు పన్నెండింటికి శ్రీహరికోట రోడ్డు మీద దిగుతారు. ఎక్కడో దూరంగా తెల్లగా ఊగుతున్న గీతను చూసి, ‘ఇంతేనా’ అనుకుని, స్టాళ్ల దగ్గర బజ్జీలు తిని వెనక్కి తిరుగుతారు. పక్షులు లేక కాదు. వచ్చిన వేళ బాగాలేదు, నిలబడ్డ వైపు బాగాలేదు, ఒక్కోసారి వచ్చిన నెలే బాగాలేదు. ఈ మూడూ ముందే చూసుకుని రావచ్చు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ సైబీరియా సంగతి. నేలపట్టు చెరువులో గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు) దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. మన చెరువుల మధ్యే మేతను బట్టి, నీళ్లను బట్టి తిరుగుతాయి. వాటి పక్కన గూళ్లు పెట్టే నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు కూడా మనవే. చలికి నిజంగా ఉత్తరాది నుంచి దిగేవి వేరే ఉన్నాయి: సూదితోక బాతులు, చెంచామూతి బాతులు, మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి వచ్చే పట్టతల బాతులు, ఒడ్డున బురదలో ముక్కు పెట్టి తిరిగే చిన్నా పెద్దా ఉల్లంకులు. ఇవి ఇక్కడ గుడ్డు పెట్టవు. మేసి, కొవ్వు పట్టి, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. ఫ్లెమింగోలు ఈ రెండు లెక్కల్లోనూ ఇమడవు. ఇక్కడికి మేతకే వస్తాయి, గూళ్లు కట్టవు. మన దేశంలో వాటి పెద్ద గూళ్ల నేల గుజరాత్‌లోని కచ్ రణ్. ఇదంతా పాండిత్యం కోసం చెప్పడం లేదు. గూళ్లు, పిల్లలు చూడాలంటే నేలపట్టు చెరువుకు, ఫ్లెమింగోల గుంపులు చూడాలంటే పులికాట్ సరస్సుకు పోవాలి. రెండూ 1976లో ప్రకటించిన అభయారణ్యాలే అయినా చూడాల్సిన వేళలు వేరు.

ఇక నెల. పాతవాళ్లు ప్రళయ కావేరి అని పిలిచిన ఈ సరస్సు మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం తిరుపతి జిల్లాలో, మిగతాది తమిళనాడులో. ఇంత పెద్దదైనా లోతు తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం కురిస్తే కాళంగి, ఆరణి, స్వర్ణముఖి నీళ్లు చేరి నిండుతుంది. ఎండాకాలానికి ఉత్తర భాగం చాలావరకు నేల తేలుతుంది. ఫ్లెమింగో తలకిందులుగా ముక్కు ముంచి, నీటిని లోపలికి లాగి, వడగట్టి తినే పక్షి. నాచు, కంటికి ఆననంత రొయ్యల జాతి పురుగులు దాని తిండి. దానికి మోకాలి లోతు, అంతకంటే తక్కువ నీళ్లు కావాలి. తుపాను గట్టిగా కొట్టిన ఏడు డిసెంబరులో సరస్సు నిండుకుండలా ఉంటుంది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, రోడ్డు పక్కన ఫ్లెమింగోలు మాత్రం పెద్దగా ఉండవు. నీళ్లు తీసేదాకా ఆగాలి. వానలు మొహం చాటేసి, సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఇసుకతో పూడుకున్న ఏడు జనవరి చివరికే నీళ్లు దూరంగా జరిగిపోతాయి, వాటి వెంట పక్షులూ పోతాయి. మామూలు సంవత్సరంలో సంక్రాంతి దాటినప్పటి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా అనువైన కాలం. పండగ ఆ రోజుల్లో పడితే సంతోషం. కానీ తేదీలు పెట్టేది మనుషులు. పక్షులకు తెలిసింది లోతు ఒక్కటే.

లోతు ఎలా తెలుస్తుంది? సూళ్లూరుపేటలో ఏ ఆటో డ్రైవర్నైనా, లాడ్జి వాళ్లనైనా ఫోన్లో ఒక్క ప్రశ్న అడగండి: ‘రోడ్డు పక్కన జాలర్లు నడిచి వల వేస్తున్నారా, పడవ మీదా?’ నడిచి వేస్తుంటే బయల్దేరండి. పడవల మీద ఉంటే రెండు వారాలు ఆగండి. రోడ్డుకు దగ్గర్లో పశువులు మేస్తున్నాయంటే నీళ్లు వెళ్లిపోయాయన్నమాట. అప్పుడు నేలపట్టు ఒక్కటే చూసుకుని వెళ్లండి, అదీ మార్చిలోపు.

దారి విషయంలో ఏటా కొందరు ఒకే పొరపాటు చేస్తారు. ఫోన్ మ్యాపులో పులికాట్ అని కొడితే అది తమిళనాడులోని పళవేర్కాడు ఊరికి తీసుకెళ్తుంది. అది సరస్సుకు దక్షిణపు కొస. అక్కడ డచ్చి వాళ్ల పాత సమాధులున్నాయి, చూడదగ్గవే, కానీ ఫ్లెమింగోలను చూసే శ్రీహరికోట రోడ్డు అక్కడ లేదు. మీరు కొట్టాల్సిన పేరు సూళ్లూరుపేట, ఆ తర్వాత ఆ రోడ్డు మీదే ఉన్న అటకానితిప్ప. సూళ్లూరుపేట చెన్నై, గూడూరు రైలు మార్గంలో ఉంది. చెన్నై నుంచి లోకల్ రైళ్లు ఇక్కడిదాకా వస్తాయి. నెల్లూరు నుంచి జాతీయ రహదారి మీద సుమారు వంద కిలోమీటర్లు. తెల్లవారకముందే దిగినా ఇబ్బంది లేదు, చెంగాళమ్మ గుడికి తలుపులు మూయరు. అక్కడ కాళ్లూ మొహం కడుక్కుని, దణ్ణం పెట్టుకుని బయల్దేరవచ్చు.

బయల్దేరే ముందు ఇస్రో ప్రయోగాల తేదీ ఒకసారి చూసుకోండి. ఈ రోడ్డు షార్‌కు, అంటే శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ కేంద్రానికి రాజమార్గం. ప్రయోగం రోజు గంటల ముందే వాహనాలు ఆపేస్తారు. మామూలు రోజుల్లోనూ శ్రీహరికోట గేటు దాటి లోపలికి అనుమతి లేనిదే పోనివ్వరు. పొద్దున ఆఫీసు వేళకీ, సాయంత్రం అది వదిలే వేళకీ ఉద్యోగుల బస్సులు వరసగా పోతాయి. ఆ సమయంలో రోడ్డు మీద కాలు పెట్టకపోవడం మంచిది.

ఇప్పుడు నిలబడే వైపు. సూళ్లూరుపేట నుంచి రోడ్డు సరస్సును కోసుకుంటూ దాదాపు పడమర నుంచి తూర్పుకు పోతుంది. చలికాలం సూర్యుడు రోజంతా దక్షిణానికి వాలి తిరుగుతాడు. అందుకని రోడ్డుకు ఉత్తరాన ఉన్న పక్షుల మీద ఎండ మన వీపు వైపు నుంచి పడుతుంది, రెక్క విప్పితే లోపలి ఎరుపు దాకా కనిపిస్తుంది. దక్షిణం వైపు ఉన్నవి ఎంత దగ్గరున్నా నల్లటి బొమ్మల్లా ఉంటాయి. పోయేటప్పుడు ఉత్తరం మీ ఎడమ చేతికే వస్తుంది. బండి ఎడమ అంచుకు పూర్తిగా దించి ఆపుకుంటే చాలు, రోడ్డు దాటే పని లేదు. ఎడమ కిటికీల దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టండి. బండి దిగకండి. కారును అవి పెద్దగా లెక్కచేయవు. తలుపు తీసి రెండు కాళ్ల మనిషి దిగాడా, గుంపంతా కదులుతుంది.

ఆ కదలడం ఎలా ఉంటుందో తెలిస్తే మనకే మేలు. మేస్తున్న ఫ్లెమింగోలకు మెడలుండవు, నీళ్ల మీద గులాబీ మూటలు తేలుతున్నట్టు ఉంటాయి. అక్కడొకటి ఇక్కడొకటి తల ఎత్తి చూస్తుంది, అది కాపలా. మెడలన్నీ ఒక్కసారిగా నిటారుగా లేచి, అన్నీ ఒకే వైపుకు నడక మొదలెడితే మీరు దగ్గరికొచ్చేశారని. అక్కడే ఆగిపోతే అయిదు నిమిషాల్లో మళ్లీ తలలు ముంచుతాయి. ఇంకో నాలుగు అడుగులు వేస్తే నీళ్ల మీద పరుగు పెట్టి లేస్తాయి. ఎగిరే గుంపు ఫొటో కోసం చప్పట్లు కొట్టేవాళ్లు, రాళ్లు విసిరేవాళ్లు ప్రతి ఏడూ కనిపిస్తారు. ఒకసారి లేచిన గుంపు మళ్లీ రోడ్డు దగ్గరికి ఆ రోజుకు రాకపోవచ్చు. వెనక వచ్చే బండి వాళ్లకు మిగిలేది ఖాళీ నీళ్లు.

వేళ అంటే పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది. జనవరిలో సూర్యోదయం ఇంచుమించు ఆరున్నర దాటాకే. పది దాటితే నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, దూరంలో ఉన్నదంతా ఎండమావిలా ఊగుతుంది. లక్షలు పోసి కొన్న లెన్సయినా ఆ గాలిని దాటలేదు, ఫొటోలో పక్షి అంచులు కరిగినట్టే వస్తాయి. కెమెరా బాగాలేదని అంగడి వాణ్ని తిట్టుకోవద్దు.

బైనాక్యులర్ తప్పనిసరి. ఎనిమిదింతలు దగ్గర చేసే 8×42 రకం అన్నిటికీ సరిపోతుంది. పదింతల దానికి చేతి వణుకు, సరస్సు మీది గాలి తోడై బొమ్మ నిలవదు. చూసే ముందు ఒక నిమిషం సరిచేసుకోవాలి. కుడి కన్ను మూసి మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి స్పష్టం చేయండి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటి దగ్గరున్న వలయం మాత్రం తిప్పండి. ఇక ఆ వలయం ముట్టుకోవద్దు. కళ్లజోడు ఉన్నవాళ్లు రబ్బరు గొట్టాలు లోపలికి నొక్కేయాలి, లేకపోతే బొమ్మ చుట్టూ నల్లగా కనిపిస్తుంది. ‘ఏం కనబడ్డం లేదు’ అని బైనాక్యులర్ తిరిగి ఇచ్చేసేవాళ్లలో చాలామందికి ఈ ఒక్క నిమిషమే తక్కువ.

సరస్సు అడుగు ఆరినట్టు కనిపించినా దిగొద్దు. పైన తెల్లటి ఉప్పు పొర పగుళ్లు తేలి గట్టిగా ఉంటుంది, కింద అడుసు అలాగే ఉంటుంది, ఉప్పు తడిని అంత తేలిగ్గా వదలదు. కారు చక్రం ఆ పెచ్చును విరిచిందంటే ఇరుసు దాకా దిగబడుతుంది. ట్రాక్టరు వచ్చినా అదీ గట్టు మీదే నిలబడి తాడుతో లాగాలి. తాగే నీళ్లు మనిషికి రెండు లీటర్లు సూళ్లూరుపేటలోనే పెట్టుకోండి. రోడ్డు పొడుగునా చెట్టు నీడ లేదు. ఆడవాళ్లు, పిల్లల అవసరాలు ఊళ్లోనే చూసుకుని బయల్దేరడం మేలు.

నేలపట్టు మధ్యాహ్నం తర్వాతి పని. సూళ్లూరుపేటకు ఉత్తరంగా సుమారు ఇరవై కిలోమీటర్లు, దొరవారిసత్రం మండలం. దూరప్రాంత బస్సులు అక్కడ ఆపవు. నాయుడుపేట, సూళ్లూరుపేట మధ్య తిరిగే పల్లెవెలుగు ఎక్కి దొరవారిసత్రంలో దిగి ఆటో మాట్లాడుకోవాలి. పొద్దున పెద్ద పక్షులు మేతకు పులికాట్ మీదికి వెళ్తాయి. మూడున్నర నుంచి అయిదున్నర దాకా తిరిగొస్తాయి, చూడాల్సింది అప్పుడే. నీళ్లలో నిలబడ్డ నీటికడప చెట్లు రెట్టలతో సున్నం కొట్టినట్టు ఉంటాయి. తల్లి వాలీవాలగానే పిల్ల దాని ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చేస్తుంది, బయటికి మెడ, ఆడే రెక్కలు తప్ప ఏమీ కనపడవు. చెరువు మీది గోలంతా ఆ పిల్లలదే. పెద్ద గూడబాతులు దాదాపు నోరు మెదపవు. వాసన ఘాటుగా ఉంటుంది, ముక్కు మూసుకోకండి. ఆ రెట్ట కలిసిన చెరువు నీళ్లే కింది పొలాలకు ఎరువని ఊరివాళ్లు ఆ పక్షులను కాచుకొస్తున్నారు.

గుడ్డు పొదగడానికి నెల రోజులు, పిల్ల ఎగరడానికి మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ మధ్యలో డ్రోన్ లేపినా, టపాసు పేల్చినా పెద్ద పక్షులు గూడు వదిలి లేస్తాయి. ఆ కాసేపట్లో కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది, కంగారులో పిల్ల కిందికి జారుతుంది. కింద పడ్డ పిల్లకు తల్లి మేత పెట్టదు. ముదురు రంగు బట్టలు, మెల్లని మాట, గట్టు మీద నడక, ఇంతకంటే నియమాలేం లేవు. గుంటూరు వాళ్లకు ఒక మాట: గూడబాతుల కోసమే అయితే ఇంత దూరం అక్కర్లేదు, మీ పక్కన ఉప్పలపాడు ఉంది. శ్రీకాకుళం వాళ్లకు తేలినీలాపురం, కైకలూరు చుట్టుపక్కల వాళ్లకు ఆటపాక. ఫ్లెమింగోల గుంపులు కావాలంటే మాత్రం ఇక్కడికి రావాల్సిందే.

సంపాదకుల వారికి రెండు విన్నపాలు. జిల్లా పేజీలో సోమశిల, కండలేరు నీటిమట్టం వేస్తారు కదా. అక్టోబరు నుంచి మార్చి దాకా దాని కింద మరో రెండు లైన్లు వేయండి: అటకానితిప్ప దగ్గర రోడ్డుకు ఉత్తరాన, దక్షిణాన నీళ్లు ఎంత లోతున్నాయో, ఆ వారం గుంపులు ఏ పక్కన ఉన్నాయో. అడిగితే అటవీ సిబ్బంది చెప్తారు, లేదంటే మీ విలేకరి మోకాలు చాలు. రెండోది, ఈసారి నేలపట్టు ఫొటో కింద ‘సైబీరియా’ రాయకండి.

ఇట్లు,
పులికాట్ ఒడ్డు పాఠకులు,
సూళ్లూరుపేట, తిరుపతి జిల్లా